గడియారంతో పందెం, పక్క సీటులో మనిషి



ఈసారి కార్ల పందెం గురించి మాట్లాడతామని మేము చెబితే కార్యదర్శి గారు "కార్ల పందెమా మాస్టారూ?" అని రెండుసార్లు అడిగారు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. మేము ముగ్గురం బడి పంతుళ్లం. ఇద్దరం లెక్కలు చెబుతాం, ఒకరు భౌతికశాస్త్రం. ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక్క కారు, దాని వయసు పద్నాలుగేళ్లు. అయినా ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నామో ముందుగా చెప్పి అసలు సంగతికి వస్తాం.

మన ఊరి బైపాస్ మీద రాత్రి పది దాటాక ఏం జరుగుతోందో ఈ హాల్లో తెలియనివారు లేరు. మోటారు సైకిళ్లు జతలు జతలుగా బయల్దేరతాయి. ఈమధ్య కార్లు కూడా మొదలయ్యాయి. మా దగ్గర పదో తరగతి చదివి వెళ్లిన ఒక అబ్బాయి ఆ రోడ్డు మీదే పోయాడు. వాడి వెనక కూర్చున్నవాడు కాలిలో రాడ్డుతో తిరుగుతున్నాడు. వాళ్లకు మేము చెప్పగలిగింది ఒకటే మాటగా ఉండేది: "వద్దురా." బండి అంటే ప్రాణమిచ్చే పిల్లవాడి చెవికి ఆ మాట ఎక్కదు. ముప్పై ఏళ్ల అనుభవంతో చెబుతున్నాం. వద్దు అన్న చోట, దాని బదులు చేయడానికి ఇంకొకటి చేతికి ఇవ్వాలి. ఆ ఇంకొకటి ఏమిటా అని వెతుకుతుంటే ఈ ఆట దొరికింది.

కార్ల పందెం అనగానే మనకు కళ్లముందు కనబడేది 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ లాంటిది. ఇరవై పైచిలుకు కార్లు ఒకేసారి బయల్దేరడం, ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవడం, ముందు గీత దాటినవాడు గెలవడం. ఇదొక జాతి. రెండో జాతి పందెంలో కార్లు ఒక్కొక్కటిగా బయల్దేరతాయి. పక్కన వేరే కారు ఉండదు. గడియారమే ప్రత్యర్థి. దీన్ని టైం ట్రయల్ అంటారు. ఔత్సాహికులు, అంటే ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం పూట సొంత కారుతో వచ్చేవాళ్లు, ఎక్కువగా ఆడేది ఈ రెండో జాతినే. ఖర్చు తక్కువ, గుద్దుకునే ప్రమాదం తక్కువ. తక్కువ అన్నాం, లేదనలేదు.

ఇందులో ట్రాకు మీద ఆడేది ఒకటి. మన దక్షిణాదిలో కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే, చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ట్రాకు ఉన్నాయి. ఒక్కో కారుకూ మధ్య ఎడం ఇచ్చి వదులుతారు. మీరు తిరిగిన చుట్లన్నిటిలో మంచి చుట్టు ఒక్కటే లెక్కకు వస్తుంది. వినడానికి ఇది ఒంటరి ఆటలా ఉంటుంది గానీ కాదు. టైరు చల్లగా ఉంటే రోడ్డును పట్టుకోదు, మరీ వేడెక్కితే జారుతుంది. ఆ రెంటికీ మధ్య దొరికే కొద్ది చుట్లలోనే మంచి చుట్టు పడాలి. సరిగ్గా అప్పుడే ముందు నెమ్మదిగా పోయే కారు తగిలిందంటే ఆ పూట వృథా. అందుకే బయట స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డవాడు ముందు కారుతో ఎంత ఎడం ఉందో చూసి సైగ చేస్తాడు: ఇప్పుడు నెమ్మదించు, ఎడం పెరగనీ, వచ్చే చుట్టులో తొక్కు. చక్రం నట్లు బిగించి ఉన్నాయో లేదో చూసేదీ, వేడికి టైర్లలో గాలి ఎంత పెరిగిందో కొలిచేదీ, ఆ అంకెలు పుస్తకంలో రాసుకునేదీ అతనే. తర్వాతి ఆదివారానికి పనికొచ్చేది ఆ పుస్తకమే. డ్రైవరు జ్ఞాపకాన్ని నమ్మి లాభం లేదు. వేగంగా పోయానని అతనికి అనిపించిన చుట్టు చాలాసార్లు వేగమైన చుట్టు అయి ఉండదు. మూలల్లో టైర్లు అరిచేలా తిప్పితే గొప్పగా అనిపిస్తుంది, గడియారం మాత్రం ఒప్పుకోదు.

ఈ ట్రాకు సంగతి ఇంతటితో వదిలేస్తాం. మాకు కావలసింది రోడ్డు మీద, ఇద్దరు మనుషులు ఒకే కారులో కూర్చుని ఆడే ఆట. దానికి ఒక పాత కథ చెప్పాలి.

ఇటలీలో మిల్లె మీలియా అని ఒక పందెం ఉండేది. ఆ పేరుకు వెయ్యి మైళ్లని అర్థం. బ్రెష్యా అనే ఊళ్లో బయల్దేరి రోము దాకా పోయి మళ్లీ బ్రెష్యాకే రావాలి. కార్లను ఒకదాని తర్వాత ఒకటిగా వదిలేవారు. ఏ నిమిషానికి బయల్దేరితే ఆ అంకెనే కారు మీద రాసేవారు. 1955 మే 1న ఉదయం 7 గంటల 22 నిమిషాలకు 722 నంబరు మెర్సిడెస్ కారు బయల్దేరింది. నడిపేది స్టిర్లింగ్ మాస్ అనే పాతికేళ్ల ఇంగ్లీషు కుర్రాడు. పక్కన డెనిస్ జెన్కిన్సన్, గడ్డం పెంచుకున్న పత్రికా విలేఖరి.

ఇటలీవాళ్లకు ఆ రోడ్లు పుట్టి పెరిగిన రోడ్లు. వెయ్యి మైళ్లలో ఏ మలుపు వెనక ఏముందో వీళ్లకు తెలిసే దారి లేదు. అందుకని ఆ ఇద్దరూ పందానికి ముందే ఆ దారిలో చాలాసార్లు తిరిగారు. ఏ మలుపు ప్రమాదం, ఏ మిట్ట తర్వాత రోడ్డు తిన్నగా ఉంటుంది, ఎక్కడ రైలు పట్టాలు అడ్డం వస్తాయి, అన్నీ జెన్కిన్సన్ రాసుకున్నాడు. ఆ రాతనంతా పదిహేను అడుగులకు పైగా పొడవున్న ఒక కాగితపు చుట్ట మీదకు ఎక్కించి, కిటికీ ఉన్న చిన్న అల్యూమినియం పెట్టెలో బిగించాడు. ఒక పక్క నుంచి తిప్పుతుంటే రాత కిటికీలో కనబడుతూ పోతుంది. పైకప్పు లేని కారు, చెవులు చిల్లులు పడే ఇంజిను హోరు, మాట వినబడదు. కాబట్టి మాటకు బదులు చేతి సైగలు ముందే ఖాయం చేసుకున్నారు.

ఎదురుగా మిట్ట ఉంది, అవతల ఏముందో కనబడదు. మామూలు మనిషి అక్కడ కాలు తీస్తాడు. జెన్కిన్సన్ కాగితం చూసి "తిన్నగా ఉంది, పో" అని చెయ్యి ఊపుతాడు. మాస్ కాలు తీయడు. అంతే, ఆ పందెమంతా ఇందులోనే ఉంది. తాను చూడని రోడ్డును పక్కవాడి చేతిని నమ్మి దాటాడు. దారిలో జెన్కిన్సన్‌కు వాంతి వచ్చి తల బయటకు పెడితే గాలికి కళ్లజోడు ఎగిరిపోయింది. ఆయన దగ్గర ఇంకో జోడు ఉంది! మాకు ఆ కథలో అన్నిటికన్నా నచ్చినది ఆ రెండో కళ్లజోడే. పరీక్షకు రెండు పెన్నులు తెచ్చుకోమని పిల్లలకు చెప్పేది మేమే కదా.

10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో వాళ్లు తిరిగి వచ్చారు. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్ల పైమాటే. అదే రకం మెర్సిడెస్‌లో రెండో స్థానంలో వచ్చినవాడు హువాన్ మాన్యువల్ ఫాంజియో, అప్పటికే రెండుసార్లు ప్రపంచ విజేత. ఆయన ఒంటరిగా నడిపాడు, దాదాపు 32 నిమిషాలు వెనకబడ్డాడు. ఆయన ఇంజిను దారిలో ఇబ్బంది పెట్టిన మాట నిజమే. 32 నిమిషాలనూ పక్క సీటు ఖాళీగా ఉండటం ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ ఆ రోజు తర్వాత రాత పట్టుకున్న మనిషి లేకుండా అంత పొడవు పందానికి దిగడం ఎంత కష్టమో అందరికీ తెలిసివచ్చింది.

ఈ కథ ఇక్కడితో ఆపేస్తే మేము బైపాస్ కుర్రాళ్లను ఎగదోసినట్టే అవుతుంది. రెండేళ్ల తర్వాత, 1957 మే నెలలో, అదే పందెంలో ఒక ఫెరారీ కారు టైరు పోయి జనంలోకి దూసుకెళ్లింది. నడిపేవాడు, పక్కనున్నవాడు చనిపోయారు. రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న తొమ్మిది మంది చనిపోయారు. ఆ తొమ్మిది మందిలో అయిదుగురు పిల్లలు. జనం తిరిగే రోడ్డు మీద వేగం పందెం ఇక వద్దని ఆ దేశం మిల్లె మీలియాను ఆపేసింది.

1977లో దాన్ని మళ్లీ మొదలుపెట్టారు. పేరు అదే, కార్లూ ఆ కాలం నాటి పాత కార్లే. నియమం మాత్రం తిరగేశారు. ఇప్పుడు ఎవరు ముందు వచ్చారన్నది లెక్క కాదు. చెప్పిన చోటికి చెప్పిన క్షణానికి ఎవరు వచ్చారన్నది లెక్క. మన దేశంలో ఔత్సాహికులు ఆడే టి.ఎస్.డి. ర్యాలీ ఈ పద్ధతిదే. టి.ఎస్.డి. అంటే టైం, స్పీడ్, డిస్టెన్స్. మన బడి భాషలో కాలం, వేగం, దూరం. ఏడో తరగతి లెక్కల పుస్తకంలో పిల్లలు ఆవలించే పాఠం. 1999లో మొదలైన రెయిడ్ డి హిమాలయ లాంటి పెద్ద ర్యాలీలో కూడా, వేగం కార్లతో పాటు, ఇలా గడియారం పట్టి నడిచేవాళ్లకు వేరే విభాగం పెట్టారు.

మేము ముగ్గురం ఇలాంటి ఒకరోజు ర్యాలీలో టైం కంట్రోల్ దగ్గర కూర్చున్నాం. సహాయకులు కావాలంటే వెళ్లాం, మార్షల్స్ అంటారు. చింతచెట్టు కింద బల్ల, రెండు గడియారాలు, ఒక జాబితా. ఆ కంట్రోల్ ఎక్కడుందో పోటీదారులకు ముందు తెలియదు. అదే కీలకం. దారి పుస్తకంలో మలుపులు గీసి ఉంటాయి. చుక్క ఉన్న చోట మీరున్నారు, బాణం ఉన్న వైపు పోవాలి. పక్కన కిలోమీటర్లు రాసి ఉంటాయి. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా ఏ సగటు వేగంతో పోవాలో వేరే కాగితంలో ఉంటుంది. ఆ రోజు మొదటి 7.2 కిలోమీటర్లు గంటకు 36 చొప్పున, తర్వాతి 10.8 కిలోమీటర్లు గంటకు 27 చొప్పున. మొదటి ముక్కకు 12 నిమిషాలు, రెండోదానికి 24. మా బల్ల 9వ కిలోమీటరు దగ్గర ఉంది. అక్కడికి ఎవరైనా తమ బయల్దేరిన సమయం నుంచి సరిగ్గా 16 నిమిషాలకు రావాలి. ఆలస్యమైతే సెకనుకు ఒక పెనాల్టీ. ముందే వస్తే సెకనుకు రెండు.

మళ్లీ చెబుతున్నాం: ముందే వస్తే రెట్టింపు. ఇలాంటి చాలా ర్యాలీల్లో రివాజు ఇదే.

మొదట వచ్చినది కొత్త, పెద్ద కారు. 40 మీద నడిపి, ఎక్కడో ఒకచోట ఆగి సమయం సరిచూసుకుందాం అనుకున్నట్టున్నారు. 13 నిమిషాల 30 సెకన్లకే మూల తిరిగారు, బల్ల కనబడింది. కంట్రోల్ కనుచూపులో ఆగకూడదు, కదలాల్సిందే. ఆయన మొహం చూడాలి! 150 సెకన్లు ముందు, 300 పెనాల్టీ. కొంతసేపటికి రంగు వెలిసిన ఒక చిన్న కారు వచ్చింది. నడిపేది ఒక పెద్దాయన, పక్కన డిగ్రీ చదివే ఆయన మనవరాలు, ఒళ్లో కాగితాలు. వాళ్ల తేడా రెండు సెకన్లు. ఆగి కార్డు ఇస్తూ ఆ పిల్ల, "తాతా, నేను ఆగమన్న చోట ఆగుంటే సున్నా వచ్చేది" అంది. ఆయన "సరేలే అమ్మా, గేదెలు అడ్డం వచ్చాయి కదా" అన్నాడు.

ఆ రెండు సెకన్లు ఎలా వస్తాయో చెబితే గానీ ఇందులో వ్యూహం ఏముందో తెలియదు. మొదటి పని మీటరు సరిచూసుకోవడం. నిర్వాహకులు తమ కారుతో దారి కొలిచారు. వాళ్ల 10 కిలోమీటర్లు మీ మీటరులో 10.2 చూపించవచ్చు. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ, కాబట్టి కిలోమీటరుకు ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ చూపిస్తుంది. గాలి తగ్గినా అంతే. ఆ 200 మీటర్ల తేడా గంటకు 36 వేగంలో 20 సెకన్లు. అంటే మీరు లెక్క ప్రకారమే పోతున్నామనుకుంటూ ప్రతి పది కిలోమీటర్లకూ 20 సెకన్లు వెనకబడుతుంటారు. తెలివైన జట్టు మొదటి నాలుగైదు కిలోమీటర్లలోనే ఈ తేడా పట్టి, త్రైరాశికం వేసి, మిగతా రోజంతా ప్రతి అంకెనూ దానితో సరిచేసుకుంటుంది. ఆ పొద్దున టైర్లలో ఎంత గాలి ఉందో సాయంత్రం దాకా అంతే ఉంచుతుంది.

రెండోది, పోయిన సమయాన్ని తిరిగి తెచ్చుకోవడం. రైలు గేటు పడిందనుకుందాం, మూడు నిమిషాలు పోయాయి. బైపాస్ బుద్ధి ఏం చెబుతుంది? తొక్కు, రెండు కిలోమీటర్లలో తెచ్చేసుకో అంటుంది. పక్క సీటులోని మనిషి లెక్క వేస్తాడు. 36 వేగంలో కిలోమీటరుకు 100 సెకన్లు, 45 అయితే 80. కిలోమీటరుకు 20 సెకన్లు మిగులుతాయి. 180 సెకన్లు రావాలంటే 9 కిలోమీటర్లు కావాలి. ముందు ఊరు ఉందా, బడి ఉందా, మలుపులు ఎన్ని? పుస్తకంలో చూసి, "ఊరు దాటే దాకా మామూలుగానే పోదాం, తర్వాత 45 మీద పోదాం, 14వ కిలోమీటరుకు సరిపోతాం" అంటాడు. ఈలోపు కంట్రోల్ తగిలితే? తగలనీ. ఆలస్యానికి సెకనుకు ఒకటే కదా. తొందరలో మలుపు తప్పి ఒక కంట్రోల్ మొత్తం పోగొట్టుకుంటే వచ్చే పెనాల్టీ ముందు అదెంత? ఏ నష్టాన్ని ఒప్పుకోవాలో తెలియడమే ఇక్కడ వ్యూహం. వేగ పరిమితి, ట్రాఫిక్ నియమాలు అందరికీ వర్తిస్తాయి. నిర్వాహకులు సగటు వేగాలను తక్కువగా పెట్టేదే అందుకు.

మూడోది మాట. మంచి జట్టు కారులో మాట చాలా తక్కువ. నావిగేటర్ చెప్పేవి దూరం, దిక్కు, ఎన్ని సెకన్లు ముందున్నాం లేదా వెనకున్నాం. "రెండొందల మీటర్లలో ఎడమ, గుడి తర్వాత." డ్రైవరు "ఎడమ, గుడి తర్వాత" అని తిరిగి పలకాలి. విన్నాడని అదే గుర్తు. తరగతిలో మేము పిల్లలచేత తిరిగి చెప్పించేదీ ఇందుకే. డ్రైవరు గడియారం వైపు చూడకూడదు, కాగితం అడగకూడదు. నావిగేటర్ "బ్రేకు వెయ్యి" అని నడపడం నేర్పకూడదు. భార్యాభర్తలు జట్టుగా వచ్చిన కార్లు కూడా ఆ రోజు మా బల్ల దగ్గర ఆగాయి. అద్దాలు దింపేలోపు లోపల జరుగుతున్న సంభాషణ కొంత మా చెవిన పడింది, అది ఈ సంచికలో వేయడానికి వీల్లేదు. అయితే ఆ కార్లలో ఒకదానికి బహుమతి వచ్చింది. ఆ ఇల్లాలు పొద్దుటే భర్త చేతిగడియారం తీసుకుని తన సంచిలో వేసుకుందట.

ఇంత పని చేసే మనిషి పేరు ఎవరికీ పట్టదు. మన దేశంలో మూసిన రోడ్ల మీద జరిగే వేగం ర్యాలీల్లో గౌరవ్ గిల్ పేరు మీలో కుర్రాళ్లు వినే ఉంటారు. 2019లో మోటారు క్రీడల నుంచి మొదటిసారి అర్జున అవార్డు అందుకున్నది ఆయనే. ఆయన పక్కన చాలా ర్యాలీల్లో కూర్చుని మలుపులు చదివినవారు కేరళలోని కాసర్‌గోడ్ ప్రాంతపు మూసా షరీఫ్. వేగంగా పోతున్న కారులో, కుదుపుల్లో తల వంచుకుని, రాబోయే మలుపుకు ముందే దాని రాత చదివి వినిపించాలి. ఒక్క గీత ముందుగా చదివినా, ఆలస్యంగా చదివినా కారు చెట్టుకు తగులుతుంది. 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీని మిషెల్ మూటోన్ గెలిచింది. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఒక పోటీ గెలిచిన మొదటి మహిళ. ఆమె పక్కన దారి చదివింది కూడా మహిళే, ఫాబ్రిత్సియా పోన్స్. మా బడిలో ఈ కథ చెబితే ఆడపిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, "చదివే ఆమెకు కూడా కప్పు ఇచ్చారా టీచర్?" అని.

ఇక మమ్మల్ని ఈ వేదిక మీదకు తెచ్చిన అసలు విషయం. మన దేశంలో పలు నగరాల్లో చూపు లేనివారు నావిగేటర్లుగా కార్ల ర్యాలీలు జరుగుతున్నాయి. ఆట అదే టి.ఎస్.డి. ఆట. దారి పుస్తకం బ్రెయిలీలో ఉంటుంది. అది నావిగేటర్ చేతిలోనే ఉంటుంది. డ్రైవరుకు కళ్లున్నాయి, దారి తెలియదు. నావిగేటర్‌కు చూపు లేదు, దారంతా వేళ్ల కింద ఉంది. "ఒకటిన్నర కిలోమీటరు తర్వాత పెట్రోలు బంకు దగ్గర కుడివైపు. వచ్చిందా?" అని ఆ పిల్లవాడు అడుగుతాడు. డ్రైవరు తాను చూసింది చూసినట్టు చెప్పాలి. అటూ ఇటూ నిజం చెప్పకపోతే ఆ కారు కదలదు. రోజూ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించే పిల్లవాడు ఆ రోజు ఒక పెద్దమనిషిని ఊరంతా తిప్పుతాడు. దాన్ని జాలితో చేసే పని అనుకోవద్దు. అక్కడా పెనాల్టీలు ఉంటాయి, ఓడినవాళ్లు ఓడినట్టే.

మేము మాత్రం సైకిళ్లతో మొదలుపెట్టాం. మాకున్నవి అవే. తొమ్మిదో తరగతి పిల్లలు జతకు ఇద్దరు, సైకిలు ఒక్కొక్కరికి ఒకటి. ముందు పోయేవాడి దగ్గర గడియారం ఉండదు, వెనక వచ్చేవాడి దగ్గర గడియారం, కాగితం. ఊరవతల కాలువగట్టు మీద ఆరు కిలోమీటర్లు, గంటకు 12 చొప్పున. అంటే నిమిషానికి 200 మీటర్లు. సైకిలుకు మీటరు లేదు, ఎలా సార్ అన్నారు. మీరే చూడండి అన్నాం. రెండు రోజుల్లో ఒక జత దారి కనిపెట్టింది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఎంత దూరమో టేపుతో కొలిచారు, 2.07 మీటర్లు. ఒక్క ఊచకు ప్లాస్టిక్ ముక్క కట్టారు. చుట్టుకొకసారి అది ఫోర్కుకు తగిలి టిక్కుమంటుంది. నిమిషానికి 97 టిక్కులు వినబడితే వేగం 12. బి.ఇడి.లో మేము నేర్చుకున్న బోధనోపకరణాల జాబితాలో ఇది లేదు.

పరుగు పందెంలో ఎప్పుడూ మొదట వచ్చే అబ్బాయి నాలుగు నిమిషాలు ముందొచ్చి, చేతులు పైకెత్తి, చప్పట్ల కోసం చూశాడు. 480 పెనాల్టీ రాశాం. "ముందొస్తే తప్పేంటి సార్?" అని కోపగించుకున్నాడు. మేము జవాబు చెప్పేలోపు వెనకనుంచి రొప్పుతూ వచ్చిన వాడి జతగాడు అందుకున్నాడు: "నేను అరుస్తూనే ఉన్నా కదరా, వినవు." రెండోసారి పోటీకి ఆ మొదటివాడు గడియారం నాకివ్వండి సార్ అని అడిగి వెనక సైకిలు ఎక్కాడు. గెలవలేదు, ఆరో స్థానం. ఇలా పోటీ పెట్టాం కాబట్టి బైపాస్ మీద పందేలు ఆగాయని మేము చెప్పం. ఆగలేదు. పోయిన నెల కూడా ఒక ప్రమాదం జరిగింది. కానీ మా సైకిలు జట్లలోని పెద్ద పిల్లలు ఇద్దరు ఇంటర్‌కు వెళ్లాక కూడా ఆదివారం పొద్దున కాలువగట్టు మీద గడియారం పట్టుకుని కనబడుతున్నారు. మేము చెప్పగలిగింది అంతే.

ఇప్పుడు దాతలకు మా మనవి. ఈసారి డబ్బు అడగం. మన జిల్లాలోని అంధుల హాస్టల్ పిల్లలు పన్నెండు మంది బ్రెయిలీ దారి పుస్తకం చదవడం సాధన చేస్తున్నారు. దూరాలు నోటిలెక్కతో సరిచేయడం వాళ్లకు మా పిల్లల కంటే త్వరగా పట్టుబడింది. పుస్తకం అచ్చు కుదిరింది, పోలీసు వారి అనుమతికి దరఖాస్తు పెట్టాం. ముప్పై కిలోమీటర్ల దారి, సగటు వేగం ఎక్కడా 30 దాటదు. మాకు కావలసింది పన్నెండు కార్లు, వాటిని నడపడానికి మీరు. డ్రైవర్లను పంపవద్దు, మీరే రండి. సంక్రాంతి సెలవులు అయ్యాక వచ్చే మొదటి ఆదివారం, ఉదయం ఆరు గంటలకు బడి ఆవరణలో. టైర్లలో గాలి ముందురోజే చూసుకోండి, లైసెన్సు, బీమా కాగితాలు వెంట ఉంచుకోండి. చేతిగడియారాలు, ఫోన్లు గేటు దగ్గర మాకు ఇచ్చేయాలి. దారి పుస్తకం మాత్రం మీ చేతికి ఇవ్వం.